‘రాదు’కీ ‘రాలేదు’కీ మధ్య: బ్యాంకు ఆఫీసర్లకు తెలుగు కోర్సు, ప్రాజెక్టు డైరీ

మే 19

పని ఖాయమైంది. ఒక బ్యాంకు (పేరెందుకులే) రీజనల్ ఆఫీసు వాళ్లు పిలిచి, జనగామ చుట్టుపక్కల ఏడు బ్రాంచీల్లో పనిచేసే పదకొండు మంది ఆఫీసర్లకు తెలుగు నేర్పాలన్నారు. అందరూ బయటి రాష్ట్రాల వాళ్లే. బీహార్ వాళ్లు నలుగురు, ఒడిశా ముగ్గురు, మహారాష్ట్ర ఇద్దరు, కేరళ నుంచి ఒకరు, రాజస్థాన్ నుంచి ఒకరు. క్లర్కు ఉద్యోగానికి ఆ రాష్ట్ర భాష వచ్చి ఉండాలి. ఆఫీసరు ఉద్యోగానికి రాసే పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షకు ఆ షరతు లేదు. అందుకే మన పల్లె బ్రాంచీల్లో డబ్బు లెక్కపెట్టే వాళ్లకు తెలుగు వస్తుంది, లోన్ ఇవ్వాలో వద్దో తేల్చే వాళ్లకు రాదు.

ముప్పై గంటలు ఇస్తామన్నారు. సిలబస్ కూడా వాళ్లే తయారు చేసి పెట్టారు. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు, లింగములు, వచనములు, విభక్తులు, చివర్లో ‘బ్యాంకింగ్ పదజాలం, రెండు గంటలు’. ఎవరో ఒకటో తరగతి వాచకం, పదో తరగతి వ్యాకరణం పక్కపక్కన పెట్టుకుని దించేసినట్టుంది.

“ముందు మూడు వారాలు వీళ్లకి ఏం కావాలో చూస్తాను, తర్వాత సిలబస్ రాస్తాను” అన్నాను. ట్రైనింగ్ చూసే పెద్దాయన నవ్వారు. “చూడ్డానికేముంది మేడమ్, తెలుగు కావాలి!” టైలరు కొలతలు తీసుకుంటానంటే, చొక్కా కావాలి, కొలతలెందుకు అన్నట్టుంది. మొత్తానికి ఒప్పుకున్నారు. ఆ మూడు వారాలకి డబ్బు మాత్రం ఇవ్వరట.

మే 22

పాత నోట్సు దుమ్ము దులిపాను. అవసరాల విశ్లేషణ అనగానే ఎంఏలో మొదట చెప్పే పేరు మన్‌బీ. 1978లో ఆయన ఒక పెద్ద యంత్రాంగమే తయారుచేశాడు. నేర్చుకునేవాడు ఎవరు, ఎక్కడ మాట్లాడాలి, ఎవరితో, ఫోన్లోనా ఎదురుగానా, ఏ స్థాయిలో, ఏ ధోరణిలో... అన్నీ నింపుకుంటూ పోతే చివరికి సిలబస్ బయటికొస్తుంది. కాగితం మీద చాలా బాగుంటుంది. నా పదకొండు మందికీ అది నింపాలంటే వాళ్లకి ట్రాన్స్‌ఫర్ వచ్చేస్తుంది.

నాకు ఎప్పుడూ పనికొచ్చేది హచిన్సన్, వాటర్స్ 1987లో చేసిన మూడు ముక్కల విభజన: ఆ పనికి తప్పనిసరిగా కావలసింది ఏంటి, దానికీ ఇప్పుడు వచ్చినదానికీ మధ్య లోటు ఎంత, నేర్చుకునేవాడు తనకి కావాలనుకుంటున్నది ఏంటి. ఈ మూడూ ఒకటే అయ్యే సందర్భం నేనింతవరకు చూడలేదు.

ఇంకా వెనక్కి వెళ్తే మైకేల్ వెస్ట్. 1920లలో ఢాకాలో టీచర్లకు శిక్షణ ఇస్తూ, బెంగాలీ పిల్లలకు ఇంగ్లిష్ ఎలా నేర్పాలని బుర్ర బద్దలుకొట్టుకున్నవాడు. ఆయన ఒక మాట వాడాడు, ‘సరెండర్ వాల్యూ’. పిల్లల్లో చాలామంది చదువు మధ్యలోనే మానేస్తున్నారు. పదేళ్లు పూర్తిచేస్తే తప్ప ఫలితం దక్కని కోర్సు పెడితే, మూడేళ్లకి మానేసినవాడి చేతిలో ఏమీ మిగలదు. ఎక్కడ ఆగిపోయినా ఎంతో కొంత చేతికి రావాలి. ఎల్‌ఐసీ పాలసీ మధ్యలో ఆపితే చేతికొచ్చే డబ్బులాగే.

ఈ మాట నోట్సు పైన పెద్దక్షరాలతో రాసుకున్నాను. బ్యాంకోళ్లకు సరెండర్ వాల్యూ గురించి విడమరిచి చెప్పక్కర్లేదు కదా.

మే 27

ఫారం పంపడం తప్పు. తెలిసీ పంపాను.

గూగుల్ ఫారంలో పద్దెనిమిది ప్రశ్నలు. ‘ఖాతాదారులతో మాట్లాడటం మీకు ఎంత అవసరం? 1 నుంచి 5’, ‘తెలుగు చదవడం ఎంత అవసరం?’, ‘రాయడం?’ ఇలా. పదకొండు మందిలో తొమ్మిది మంది నింపారు. ఏడుగురు అన్నింటికీ 5 కొట్టారు. ఫారం లింకు వాళ్ల మేనేజర్ల గ్రూపులో కూడా పడిందని తర్వాత తెలిసింది. పై వాళ్లు చూస్తారంటే ‘తెలుగు రాయడం నాకు అవసరం లేదు’ అని ఎవరు కొడతారు? ఒకాయన ‘తెలుగు కవిత్వం చదవడం’కి కూడా 5 ఇచ్చాడు. ఆ ప్రశ్న నేను పరీక్షకే పెట్టాను.

చివర్లో ‘మీకు ఇప్పటికే వచ్చిన తెలుగు మాటలు రాయండి’ అని ఒక ఖాళీ గడి వదిలాను. ఫారం మొత్తంలో పనికొచ్చింది అదొక్కటే. దాదాపు అందరూ రాసినవి ఇవి: ‘రేపు రా’, ‘సర్వర్ లేదు’, ‘కూర్చో’, ‘ఆగు’, ‘అర్థం కాలే’, ‘సంతకం’. వీళ్లు తెలుగు నేర్చుకుంటూనే ఉన్నారు. పక్క కౌంటరులో ఏం వినపడితే అది పట్టేస్తున్నారు. అందుకే అన్నీ ‘నువ్వు’ మాటలే. అరవై ఏళ్ల మనిషిని ‘ఆగు, రేపు రా’ అంటున్నామని వాళ్లకి తెలియదు. మా చిన్నప్పుడు దెయ్యం రాకుండా తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవాళ్లు. ఈ లిస్టు చూస్తే అదే గుర్తొచ్చింది.

జూన్ 4

ఫారాలు పక్కన పెట్టి బ్రాంచీకి వెళ్లి కూర్చున్నాను. జనగామకి దూరంగా ఒక మండల కేంద్రం. మేనేజరు పర్మిషన్ ఇస్తూ రెండు షరతులు పెట్టారు, రికార్డింగ్ ఉండకూడదు, ఎవరి పేరూ ఖాతా నంబరూ రాసుకోకూడదు. రెండూ న్యాయమే. స్టీలు బెంచీ చివర, నోటుబుక్కు, పెన్సిలు. ఎవరు ఏ పని మీద వచ్చారు, ఏం అన్నారు, ఆఫీసరు ఏం అన్నాడు, మధ్యలో ఎవరు దూరారు అని నాలుగు గీతలు గీసుకున్నాను.

పది దాటేసరికి బ్రాంచీ నిండింది. వానాకాలం పంట మొదలవుతోంది, క్రాప్ లోన్ రెన్యువల్‌కి వచ్చినవాళ్లే ఎక్కువ. తర్వాత పాస్‌బుక్కు ప్రింటింగ్, ఏటీఎం కార్డు పోయిందని, ఫోన్ నంబరు మార్చాలని, బంగారం విడిపించుకోవాలని.

పన్నెండు దాటాక ఒక అవ్వ వచ్చింది. పాస్‌బుక్కు ఒక ప్లాస్టిక్ కవరులో, కవరు ఇంకో కవరులో, దానికి రబ్బరుబ్యాండు. అవన్నీ విప్పడానికే కాసేపు పట్టింది. ఆ రోజు ఎంక్వయిరీ సీటులో బీహార్ కుర్రాడున్నాడు. మంచి పిల్లాడు, ఎవరు వచ్చినా నవ్వుతూ చూస్తాడు.

“సారూ, కరువు పని పైసలు పడ్డయా, సూడు.”

‘కరువు పని’ అంటే ఉపాధి హామీ అని అతనికి తెలియదు. ‘పైసలు పడ్డయా’ అర్థమైంది. స్క్రీన్ చూశాడు. మార్చి తర్వాత ఏమీ జమ కాలేదు. చాలా మర్యాదగా అన్నాడు:

“పైసలు రాదు, అమ్మా.”

“రానే రావా?”

“రాదు, రాదు.” నవ్వుతూనే.

అవ్వ కాసేపు అతని మొహంలోకి చూసింది. “నలభై దినాలు మట్టి మోసిన గద సారూ” అంది. గొంతు పోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతనికి ఏమైందో అర్థం కాలేదు. పోట్లాటకి వచ్చిందనుకుని కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

అటెండరు టీ గ్లాసులు కింద పెట్టి పరిగెత్తుకొచ్చాడు. “అవ్వా, రావని కాదే, ఇంక రాలేదంటుండు సారు. పోస్టాఫీసుల గిట్ల ఖాతా తెరిచినవా?”

“ఆఁ, మొన్న ఎండాకాలంల తెరిపిచ్చిండ్రు.”

“గండ్లనే పడ్డయేమో, ఆడ సూడుపో.”

అయిపోయింది. ఉపాధి కూలి ఇప్పుడు ఆధార్ ఆధారంగా పడుతుంది. చివరగా ఏ ఖాతాకి ఆధార్ జోడించారో దాంట్లోకే పోతుంది. పోస్టాఫీసులో కొత్త ఖాతా తెరిస్తే పైసలు అటు తిరుగుతాయి. ఇది ఆఫీసరుకి నాకంటే, అటెండరుకంటే బాగా తెలుసు. అతనికి రానిది ఒకే ఒక ప్రశ్న: “వేరే బ్యాంకులో ఖాతా ఉందా?” ఇంకా ఒకే ఒక మాట, “ఇంకా రాలేదు.”

సాయంత్రం అతనితో కూర్చున్నాను. హిందీలో ‘నహీ ఆయా’, ‘నహీ ఆయేగా’ రెండింట్లోనూ ‘నహీ’ అలాగే ఉంటుంది, క్రియ మారుతుంది. తెలుగులో ఆ ‘నహీ’ క్రియ కడుపులో దూరిపోతుంది. రాలేదు, రాదు, రావు, రాకూడదు, రానివ్వరు. పైగా ఇక్కడి జనం ‘రాలేదు’ని ‘రాలే’ అని కత్తిరిస్తారు. అతని చెవికి ఇవన్నీ ఒకటే. మొదటి వారం ఏదో మాట చెప్తే పని జరిగిపోయిందట, ఆ రోజు నుంచీ అన్నింటికీ అదే వాడుతున్నాడు. అవ్వ ఎందుకు ఏడ్చిందో చెప్పాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

వాళ్లు ఇచ్చిన సిలబస్‌లో వ్యతిరేకార్థక క్రియలు ఇరవై ఎనిమిదో గంటలో ఉన్నాయి.

జూన్ 5

రెండో రోజు. నిన్నటి తర్వాత నా చెవి ‘కాదు-లేదు’ల మీదే ఉంది. ‘లోన్ కాదు’ (లోన్ రాదు అనబోయి), ‘ఫారం వద్దు’ (ఫారాలు అయిపోయాయి అనబోయి), ‘ఈ సంతకం లేదు’ (ఇది మీ పాత సంతకంలా లేదు అనబోయి). ఆ మూడోది విని ఒక పెద్దమనిషి “ఇప్పుడే నీ ముంగట పెట్టిన కదా” అని కాగితం తిప్పి చూపించాడు.

ఇంకో తమాషా. రాజస్థాన్ ఆయన అచ్చ తెలుగులో “మనం ఈ లోన్ ఇవ్వం” అన్నాడు. ఎదురుగా ఉన్న రైతు అయోమయంగా చూశాడు, ఇవ్వనివాళ్లలో తనని కూడా కలిపేశాడు మరి. మరాఠీ వాళ్లకు ఈ చిక్కు రాదు, వాళ్లకి ‘ఆమ్హీ’ (మేము), ‘ఆపణ్’ (మనం) వేర్వేరు. మలయాళం ఆమెకీ అంతే. హిందీ ‘హమ్’తో వచ్చినవాళ్లు తడబడతారు. అంటే ఒకే క్లాసులో కొందరికి ఒక నిమిషం చాలు, మిగతావాళ్లకి ఒక గంట కావాలి.

మధ్యాహ్నం ఫీల్డ్ ఆఫీసరు పక్కన కూర్చున్నాను. కొత్తగా పట్టా చేయించుకున్న ఒక కుర్రాడు మొదటిసారి క్రాప్ లోన్‌కి వచ్చాడు.

“వడ్డీ ఎంత సారూ?”

“ఏడు.”

“ఏడా!” కుర్రాడు లేచినంత పని చేశాడు.

ఊళ్లో వడ్డీ అంటే నూటికి నెలకి ఎన్ని రూపాయలు అని లెక్క. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. ‘ఏడు’ అంటే అతనికి నూటికి నెలకి ఏడు రూపాయలు, ఏడాదికి ఎనభై నాలుగు శాతం. ఆఫీసరు చెప్పింది ఏడాదికి ఏడు శాతం, అదీ టైముకి కడితే మూడు శాతం తగ్గి నాలుగే పడుతుంది. ఊరి లెక్కలో నూటికి నెలకి ముప్పై మూడు పైసలు. డ్వాక్రా సంఘాల పుణ్యమా అని పావలా వడ్డీ అంటే ప్రతి ఇంట్లోనూ తెలుసు. “పావలా కంటే కొంచెం ఎక్కువ, ముప్పై మూడు పైసలు” అంటే ఆ కుర్రాడికి ఒక్క క్షణంలో బోధపడేది. ఏడు అనే అంకె తెలుగులో చెప్పడం ఆఫీసరుకి వచ్చు. ఏ లెక్కలో చెప్పాలో రాదు.

పట్టాదారు పాసుపుస్తకం చూపించినప్పుడు ఇంకొకటి తేలింది. విస్తీర్ణం దగ్గర 2.20 అని ఉంది. రెండెకరాల ఇరవై గుంటలు. నలభై గుంటలు ఒక ఎకరం కాబట్టి అది రెండున్నర ఎకరాలు. ఫీల్డ్ ఆఫీసరు సొంత ఊళ్లో భూమిని కట్ఠాల్లో, బీఘాల్లో కొలుస్తారు. ఇక్కడికి వచ్చిన మొదటి నెల అతను దీన్ని మామూలు దశాంశం అనుకున్నాడట. తర్వాత క్లర్కు చెప్తే సరిదిద్దుకున్నాడు. రేపు ఇతను గుంటూరు వైపు వెళ్తే అక్కడ సెంట్లు, వందకి ఒక ఎకరం. అక్కడ 2.20 అంటే నిజంగానే రెండుంబావు కంటే తక్కువ. దీన్ని భాష అనాలా, లెక్కలు అనాలా నాకు తెలియదు. కోర్సులో మాత్రం పెడతాను.

జూన్ 9

ఇవాళంతా మాటలే.

మేనేజరు: “మా వాళ్లు నమస్కారం పెట్టి, బాగున్నారా అని అడిగితే చాలు, కస్టమరు సగం చల్లబడతాడు.” కోర్సు మొత్తం పలకరింపులతో నింపమనే ఉద్దేశం. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ ‘బాగున్నారా’ అని అడిగాక వాళ్లు చెప్పే జవాబు అర్థం కాకపోతే?

ఆఫీసర్లు (విడివిడిగా, టీ కొట్టు దగ్గర): దాదాపు అందరి కోరిక ఒకటే, ఫోనులో మాట్లాడగలగాలి. ఎదురుగా మనిషి ఉంటే చేతులు ఊపి, కాగితం చూపించి ఎలాగో నెట్టుకొస్తారు. ఫోనులో అవేవీ ఉండవు. రికవరీ కాల్స్ అంటే ఒడిశా అమ్మాయికి టెన్షన్. “సామ్నే వాలా బోల్తా హై, మై కట్ కర్ దేతీ హూఁ” అంది, అవతలివాళ్లు మాట్లాడటం మొదలుపెట్టగానే కట్ చేసేస్తుందట. ఫారంలో ఫోను గురించి నేను అడగనే లేదు. (ఒడిశా వాళ్లకు ఇంకో సులువు ఉంది. పదం చివరి అచ్చు మింగరు, ‘ళ’ కూడా పలుకుతారు. వాళ్ల తెలుగు వినడానికి మనవాళ్ల తెలుగులాగే ఉంటుంది. దాంతో ఎదుటివాళ్లు ఇంకా వేగంగా మాట్లాడేస్తారు, పాపం.)

అన్నింటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది మహిళా సంఘాల పుస్తకాలు రాసే ఒక వీఓఏ. లింకేజీ లోన్ (సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు) కాగితాల కోసం సంఘాన్ని తీసుకొచ్చింది. “మేడం, ఆమెకు తెలుగు రాకున్నా మాకేం ఫర్వాలేదు. మళ్ల ఎప్పుడు రావాల్నో, ఏమేం పట్కరావాల్నో ఒక్కసారే చెప్తే చాలు. రేపు రా, రేపు రా అంటే పది మంది కూలి పోతది.”

అవసరాల విశ్లేషణ అంటూ ఇన్నాళ్లూ నేర్చుకునేవాళ్లని, వాళ్ల పై అధికారుల్ని అడుగుతున్నాను. కౌంటరుకి ఇవతల నిలబడ్డవాళ్ల అవసరం నా నోట్సులో లేనే లేదు. నిజానికి ఈ కోర్సు ఫీజు కట్టాల్సి వస్తుంటే ఎవరు కట్టేవాళ్లు? ఆ పది మందే.

జూన్ 14

రెండో శనివారం. ఇంట్లో నేల మీద కాగితాలన్నీ పరిచి కూర్చున్నాను. మావారు అడుగులో అడుగు వేసుకుంటూ వంటింట్లోకి వెళ్లాల్సి వచ్చింది.

మొదట తేల్చుకున్నది లిపి గురించి. ముప్పై గంటల్లో పన్నెండు గంటలు అక్షరాలకే ఇవ్వమన్నారు. కౌంటరు దగ్గర వీళ్లు తెలుగులో చదవాల్సినవి ఏంటని చూశాను. బ్యాంకు ఫారాలు మూడు భాషల్లో ఉంటాయి. అచ్చు కాగితం అయితే ఫోను కెమెరా పెట్టి చదివించేస్తున్నారు, అదీ బాగానే పనిచేస్తోంది. ఆగిపోయేది రెండు చోట్ల, పాసుపుస్తకంలోని గడుల పేర్లు, సంఘం చేత్తో రాసిన తీర్మానం. చేతిరాత చదివే స్థాయి ముప్పై గంటల్లో రాదు, ఎవరికీ రాదు. కాబట్టి అక్షరమాల లేదు. దాదాపు నలభై మాటలు బొమ్మల్లా గుర్తుపట్టిస్తాను. పేరు, తండ్రి, భర్త, గ్రామం, మండలం, సర్వే నంబరు, విస్తీర్ణం, తీర్మానం, అధ్యక్షురాలు, వేలిముద్ర... ‘తండ్రి’ గడిలో ఉన్న పేరుని భర్త పేరుగా ఎక్కించడం వల్ల ఒక కేవైసీ రెండు నెలలు తిరిగిందని క్లర్కు చెప్పింది. ఒత్తులు, గుణింతాలు రాకుండానే ఈ రెండు మాటల్నీ వేరుగా గుర్తుపట్టొచ్చు.

రెండోది, ఏ తెలుగు నేర్పాలి? వాళ్లు వినేది ‘పైసలు పడ్డయా’, ‘గిది ఏడ ఇయ్యాలె’, ‘మల్లెప్పుడు రమ్మంటరు’. నేర్పే పుస్తకాలన్నీ ‘డబ్బులు జమ అయ్యాయా’ దగ్గరే ఉంటాయి. జనగామ మాటే నేర్పితే రేపు ట్రాన్స్‌ఫర్ అయి రాజమండ్రి వెళ్తే? అక్కడ ‘డబ్బులు పడ్డాయాండీ’ అంటారు. చాలాసేపు గింజుకుని నోటుబుక్కు పేజీని రెండుగా గీశాను. ఎడమ పక్క ‘వినేది’, కుడి పక్క ‘అనేది’. వినేది ఈ ఊరి మాటే ఉండాలి, ఊరు మారితే ఎడమ పక్క మాత్రం మార్చుకుంటారు. అనేది ఎక్కడైనా చెల్లే మర్యాద తెలుగు, అన్నీ ‘రండి, కూర్చోండి, చెప్పండి’లే.

మూడోది వరస. ఇక్కడే వెస్ట్ గుర్తొచ్చాడు. వీళ్లలో ఇద్దరికి ఆగస్టులోగా ట్రాన్స్‌ఫర్ వస్తుందని ముందే చెప్పారు. లోన్ సీజన్‌లో సగం క్లాసులకి ఎవరూ రారు. కాబట్టి ఒక పాఠం ఇంకో పాఠం మీద ఆధారపడకూడదు. ఏ వారం మానేసినా అంతకుముందు వారం నేర్చుకున్నది కౌంటరులో పని చెయ్యాలి. మొదటి వారమే ‘ఇంకా రాలేదు, రాదు, లేదు, కాదు, వద్దు’. అదొక్కటి నేర్చుకుని వెళ్లిపోయినా ఒక అవ్వకి ఏడుపు తప్పుతుంది. రెండో వారం ‘మళ్లీ ఎప్పుడు, ఏం తీసుకుని’. మూడోది వడ్డీ, గుంటలు, అంకెలు: పదిహేను వందలు, లక్షన్నర, ఒకటింబావు. నాలుగోది ఫోను. పలకరింపులకి విడిగా పాఠం లేదు, ప్రతి పాఠం వాటితోనే మొదలవుతుంది. మేనేజరు సంతోషిస్తారు.

వ్యాకరణం ఏదీ అని ఎవరైనా అడిగితే, మొదటి వారం మొత్తం వ్యాకరణమే.

జూన్ 18

రీజనల్ ఆఫీసులో గంటన్నర. అక్షరమాల లేని తెలుగు కోర్సు ఏంటని ఒకరు, రాత పరీక్ష లేకపోతే సర్టిఫికెట్ ఎలా ఇస్తామని ఇంకొకరు. ముప్పై గంటలు ఇరవై అయ్యాయి, కారణం ఎవరూ చెప్పలేదు. పరీక్ష విషయంలో మధ్యేమార్గం కుదిరింది. ఆఫీసరుని సీటులో కూర్చోబెట్టి ముగ్గురు మనుషుల్ని మూడు పనుల మీద పంపిస్తాం. వాళ్లు పని అయ్యిందంటే పాస్. ‘వాళ్లు’ అంటే ఎవరు? నేను వీఓఏలను పంపిస్తానన్నాను. అది వాళ్లకి నచ్చలేదు. రిటైరైన స్టాఫ్‌ని పంపిస్తారట. ఇక్కడ నేను ఓడిపోయాను. రిటైరైన స్టాఫ్ కస్టమరులా మాట్లాడరు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినట్టు మాట్లాడతారు.

జూన్ 24

మొదటి ట్రయల్ క్లాసు. పొద్దున తొమ్మిదింటికి, బ్రాంచీలోనే. పదకొండు మందికి ఆరుగురు వచ్చారు.

కస్టమరు వేషానికి అటెండరుని పిలిచాను. కండువా తలకి చుట్టుకుని, ఎక్కడినుంచో పాత పాస్‌బుక్కు సంపాదించి, వాకిట్లోంచే దగ్గుకుంటూ వచ్చాడు. మొదటి మాటకే క్లాసంతా నవ్వు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే ఏ మాత్రం దయ చూపించలేదు. “సారూ, గా పైసలు గిట్ల పడ్డయా లేకుంటె గాడనే ఆగినయా?” అని ఒక్క ఊపిరిలో అన్నాడు. పాఠంలో నేను రాసుకున్న ‘వినేది’ వాక్యాలు దీని ముందు బడి పిల్లల డైలాగుల్లా ఉన్నాయి. రాత్రికి సగం మార్చేశాను.

బీహార్ కుర్రాడి వంతు వచ్చినప్పుడు గమనించాను. స్క్రీన్ చూసినట్టు నటించాడు, ఒక క్షణం ఆగాడు, వేలు కొంచెం పైకెత్తి “ఇంకా... రా...లేదు” అన్నాడు. తర్వాత “వేరే బ్యాంకులో ఖాతా ఉందా, అమ్మా?” అటెండరు మగమనిషి. ఎవరూ నవ్వలేదు. ‘అమ్మా’ అని ఎవరిని అన్నాడో నాకు, అటెండరుకీ తెలుసు.

‘రాదు, రాలేదు’ పని చేసింది. ‘కాదు, లేదు’ పని చెయ్యలేదు. నేను వివరించడం మొదలుపెట్టగానే కళ్లు గాజు కళ్లయ్యాయి. ‘ఇది నా సంతకం కాదు’, ‘ఇక్కడ సంతకం లేదు’ అని రెండు చెక్కులు చేతికిచ్చి తేడా చూపించి ఉండాల్సింది. వచ్చే క్లాసుకి కాన్సిల్డ్ చెక్కులు అడిగాను.

క్లాసయ్యాక అటెండరు అడిగాడు, “మేడం, నాగ్గూడ సర్టిఫికెట్ ఇస్తరా?” సీరియస్‌గానే. రీజనల్ ఆఫీసుకి రాశాను. జవాబు లేదు.

జూలై 3

వారం మధ్యలో ఫోన్లు మొదలయ్యాయి. కోర్సుకి ఇది కూడా ఒక సర్వేనే, పైగా నిజాయితీగల సర్వే. ‘రంది’ అంటే? (బెంగ. లోన్ కట్టలేనివాళ్లు ఎక్కువగా వాడతారు, ముందే పెట్టాల్సింది.) ‘జర ఆగుండ్రి’ అంటే ఆగమనా, ఆగొద్దనా? ‘లగ్గం ఉంది’ అంటే పెళ్లి అని తెలిసింది, కానీ దానికి బంగారం లోన్‌తో ఏం సంబంధం? అన్నీ ఎడమ పేజీలోకి ఎక్కించాను. రెండు పేజీల ‘వినేది’ తొమ్మిది పేజీలయింది, ‘అనేది’ ఇంకా రెండు పేజీలే.

సాయంత్రం బీహార్ కుర్రాడు చేశాడు. మొన్నటి అవ్వ మళ్లీ వచ్చిందట. పైసలు పోస్టాఫీసులోనే పడ్డాయి, తీసుకుంది కూడా. మరి బ్యాంకుకి ఏ పని మీద వచ్చిందో తెలుసుకుందామని పాఠంలోని ప్రశ్నలన్నీ వరసగా అడిగాడు. ఖాతా గురించా, లోన్ గురించా, కార్డు గురించా, ఫోన్ నంబరు మార్చాలా. అన్నింటికీ కాదంది. చివరికి ఒకే మాట అంది, అది అతనికి అర్థం కాలేదు, నాకు చదివి వినిపించడానికి హిందీ అక్షరాల్లో రాసుకున్నాడు.

“ఉత్తగనే అచ్చిన బిడ్డా.”